జపనీస్ తెలుగులోనే చెప్తాను

టీచరమ్మ పాఠాలు చెప్పిన కోచింగ్ సెంటరు ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. మెట్లెక్కి క్లాసు గదిలోకి రాగానే ఎదురు గోడ మీద "ఇక్కడ ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడాలి" అని బోర్డు. ఆ బోర్డు కూడా ఇంగ్లీషులోనే ఉండేది. చదవగలిగినవాళ్ళకి దానితో పనిలేదు, పనున్నవాళ్ళు దాన్ని చదవలేరు. ఈ ముక్క ఆవిడ ఒకసారి డైరెక్టరుగారి ముందు అంటే ఆయన నవ్వలేదు. "డిసిప్లిన్ మేడమ్, డిసిప్లిన్" అని ఊరుకున్నారు.

అక్కడ నేర్పేది జపనీస్. వచ్చేవాళ్ళు వెల్డర్లు, వంటవాళ్ళు, ఆస్పత్రుల్లో రోగుల్ని చూసుకునేవాళ్ళు. పని అందరి చేతుల్లోనూ ఉంది, కావలసింది భాష. పుస్తకాల్లో వివరణలన్నీ ఇంగ్లీషులో. కాబట్టి ముందు ఇంగ్లీషు అర్థం కావాలి, దాన్ని మనసులో తెలుగు చేసుకోవాలి, అప్పుడు మళ్ళీ జపనీస్‌లోకి దూకాలి. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడమంటే ఇదేనని ఆవిడ గొణుక్కునేది. గొణుక్కున్నంత కాలం ఆవిడ ఉద్యోగానికి ఢోకా రాలేదు.

నిజానికి టీచరమ్మ జపనీస్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వెనక ఒక మోటారు విడిభాగాల కంపెనీలో టైపు పని చేసేది. అక్కడి మిషన్లన్నీ జపాన్ నుంచి వచ్చినవి. వాటి మీద రాసి ఉన్న అక్షరాలేమిటో తెలుసుకుందామని మధ్యాహ్నం అన్నాల వేళ ఆఫీసు కంప్యూటరులో వెతికితే ఒక సైటు కనిపించింది. అందులో ఒక్కో అక్షరం దానంతట అదే గీత గీతగా రాసుకుంటూ పోతుంది. ఆవిడ చిత్తు కాగితాల వెనక అలాగే దిద్దింది. మేనేజరు వచ్చి చూసి, "ఈ కోడిగీతలు నీకెందుకమ్మా?" అన్నాడు. "కోడికే వచ్చినప్పుడు నాకు రాకూడదా సార్?" అంది ఆవిడ. అక్కడి నుంచి ఒక్కో పరీక్షా రాసుకుంటూ పైకి వచ్చింది. జపాన్ గడప మాత్రం ఇప్పటికీ తొక్కలేదు. "చూడని దేశం భాష ఎలా చెప్తావు?" అని అడిగినవాళ్ళకి ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "చంద్రుడి మీదకి వెళ్ళొచ్చాకే పున్నమి ఎప్పుడో లెక్క కట్టారా?"

ఇలా ఉండగా ఆ సెంటరుకి ఒక ఆయమ్మ వచ్చి చేరింది. ఆస్పత్రిలో ముసలి రోగుల వార్డులో పని. గట్టి మనిషి, గట్టి గొంతు. జపాన్‌లో పెద్దవాళ్ళని చూసుకునే ఉద్యోగాలున్నాయని విని, డ్యూటీ దిగగానే నేరుగా క్లాసుకి వచ్చేది. అక్షరాలు చకచకా పట్టేసింది. వ్యాకరణం దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది.

ఆ రోజు పాఠం ఒక క్రియ మీద. "తబెతె మిరు" అనే మాటకి పుస్తకంలో "ట్రై టు ఈట్" అని ఉంది. ఆయమ్మ పక్కనున్న వెల్డరుని అడిగి అర్థం తెలుసుకుని లేచి నిలబడింది.

"తినడానికి ప్రయత్నించడమేంటి మేడమ్? గొంతు నొప్పా వాళ్ళకి?"

క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ నవ్వాపుకుని మళ్ళీ ఇంగ్లీషులో చెప్పబోయింది. ఆయమ్మ మొహంలో ఆ చూపు చూసింది. అర్థం కాకపోయినా తలూపడానికి సిద్ధమైపోయిన మనిషి చూపు అది. టీచరమ్మకి ఎక్కడో చుర్రుమంది. పుస్తకం మూసేసింది.

"తబెతె అంటే తిని. మిరు అంటే చూడు. తిని చూడు. అంతే" అంది తెలుగులో.

వెల్డరు రాస్తున్న పెన్ను ఆపి తలెత్తాడు.

"అంతేనా?" అంది ఆయమ్మ. "అంటే అడిగి చూడు, వేసి చూడు, వెళ్ళి చూడు, అన్నీ ఇలాగేనా?"

"అన్నీ ఇలాగే. ఇంగ్లీషువాడు తిని చూడలేడు, పాపం. మనం చూస్తాం, వాళ్ళూ చూస్తారు."

ఇక ఆవిడ ఆగలేదు. నల్లబల్ల తుడిచి "కినో కిత హితో" అని రాసింది. కినో, నిన్న. కిత, వచ్చిన. హితో, మనిషి. నిన్న వచ్చిన మనిషి. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే మనిషిని ముందు నిలబెట్టి, మధ్యలో ఒక ముడి వేసి, నిన్నటిని చివరికి ఈడ్చుకుపోవాలి. తెలుగులో మాట వెనక మాట పెట్టుకుంటూ పోతే సరిపోయింది. వెల్డరు "అమ్మనీ!" అని నాలిక కరుచుకున్నాడు. ఆ నవ్వుల్లో, గాజు తలుపు అవతల డైరెక్టరుగారు నిలబడి ఉన్న సంగతి ఎవరూ గమనించలేదు.

క్లాసు అయ్యాక పిలుపు వచ్చింది. ఆయన గదిలో ఏసీ చల్లగా ఉంది, మాట వెచ్చగా ఉంది.

"మేడమ్, మీరు చెప్పేది బాగుండొచ్చు. కానీ తెలుగులో చెప్తే మనది వీధిబడి అనుకుంటారు. ఫీజు ఇచ్చేది ఇంగ్లీషు చూసి."

"వాళ్ళు వచ్చింది జపనీస్ కోసం సార్."

ఆయన ఫోను తీసి ఆవిడ ముందు పెట్టారు. టీచరమ్మ క్లాసు గ్రూపులో పంపిన సైట్ల వివరాలు అందులో ఉన్నాయి. అక్షరాలు దిద్దించేది ఒకటి. వేలితో బొమ్మలా గీస్తే అది ఏ అక్షరమో చెప్పే నిఘంటువు ఒకటి. తేలిక మాటల్లో వార్తలు రాసి, నిదానంగా చదివి వినిపించేది ఒకటి. మనం మరిచిపోబోతున్న మాటని సరిగ్గా అప్పుడే మళ్ళీ ముందుకు తెచ్చి అడిగే చీటీల యాప్ ఒకటి. అన్నీ ఉచితం.

"ఇవన్నీ ఊరికే దొరుకుతాయని మీరే చెప్తే మన దగ్గరికి ఎందుకొస్తారు? హోటలు పెట్టినవాడు వచ్చినవాళ్ళకి వంట నేర్పుతాడా?"

"మనది హోటలా సార్? నేను బడి అనుకున్నాను."

డైరెక్టరుగారి మొహం ముడుచుకుంది. "సరే. ఇవి తీసేయండి. ఇంకో మాట. ఆ ఆయమ్మని ముందు ఇంగ్లీషు నేర్చుకుని రమ్మని పంపించేయండి. ఆవిడ వల్ల బ్యాచ్ అంతా వెనకబడుతోంది."

టీచరమ్మ ఒక్క క్షణం నేల చూసింది. ఆయన అది ఒప్పుకోలు అనుకున్నారు.

"ఆవిడ వెనకబడలేదు సార్. మనం అడ్డం నిలబడ్డాం. ఆవిడని పంపిస్తే నేనూ వెళ్తాను."

"బెదిరిస్తున్నారా?"

"లేదు సార్. ఎటు వెళ్తున్నానో చెప్తున్నాను. గుమ్మం అటే కదా?"

వెళ్ళే ముందు క్లాసు గదిలోకి పోయి, గోడ మీది బోర్డు కిందే నిలబడి, "రేపట్నుంచి నేను రాను. నేర్చుకోవాలనుకున్నవాళ్ళు మా ఇంటికి రండి. తెలుగులోనే చెప్తాను" అంది. అందరూ ఆవిడ వెనకాల కదిలిపోయారని చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, అలా జరగలేదు. ఫీజులు కట్టేసినవాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు. మెట్లు దిగుతుంటే వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయమ్మ, ఆమె వెనక వెల్డరు.

ఇంట్లో సంగతి చెప్పగానే ఎలక్ట్రీషియన్ అయిన భర్త చేతిలో ఉన్న టెస్టరు కింద పెట్టాడు. "కాస్త ఆలోచించి ఉండాల్సింది" అన్నాడు నెమ్మదిగా.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "అది ఆలోచించి చేసే మనిషే అయితే నిన్ను చేసుకునేదట్రా?"

భర్తకి నవ్వొచ్చింది. నవ్వొచ్చాక గొడవ పడడం కష్టం. రెండో రోజుకి ముందు గదిలో బల్ల జరిపాడు, లైటు మార్చాడు, వీధి చప్పుడు రాకుండా తలుపుకి దుప్పటి కట్టాడు. ఆ ఇంటి ముందు గదే బడి అయింది.

బడికి ఇద్దరే పిల్లలు. ఆస్పత్రి షిఫ్టు మారితే ఆయమ్మ రాదు, పని దొరికితే వెల్డరు రాడు. వినలేకపోయిన పాఠం తర్వాతైనా వింటారని టీచరమ్మ ఫోనుని పుస్తకాల దొంతికి ఆనించి రికార్డు చేయడం మొదలుపెట్టింది. మొదటి పాఠం సగంలో ఉండగా పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు అడ్డుపడింది.

"అమ్మాయ్, ఆ 'దరె' అంటే ఏంటన్నావు?"

"ఎవరు అని అత్తయ్యా. రికార్డు అవుతోంది, ఉండండి."

"అవనీ. మరి 'ఎవరూ రాలేదు' అనాలంటే?"

"దరె మొ కొనకత్త."

"'ఎవరో వచ్చారు' అనాలంటే?"

"దరె క కిత."

అత్తగారు వేళ్ళు మడిచి ఏదో లెక్క కట్టుకుంది. "అయితే మనకి ఊ, వాళ్ళకి మొ. మనకి ఓ, వాళ్ళకి క. ఎవరూ, ఎవరో. తోక మారిస్తే సరి. దీనికి ఇంత పెద్ద పుస్తకమా?"

టీచరమ్మ చేతిలోని పుస్తకం పక్కన పెట్టేసింది. ఇన్నేళ్ళూ ఆ రెండు తోకల్నీ ఆవిడ ఇంగ్లీషు పట్టికల్లోంచి బట్టీ పట్టించింది. ఆ ముక్క కోసేయకుండా వీడియో అలాగే పైకి ఎక్కించింది. తర్వాత నుంచి ప్రతి పాఠంలోనూ అత్తగారు ఉండాల్సిందే. చీర మడత సవరించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుని, పాఠం మొదలవగానే కోర్టులో ప్లీడరులా ప్రశ్నలు వేసేది.

పాఠాలన్నిటికీ ఒక ఇల్లు ఉండాలని టీచరమ్మ ఒక పేజీ పెట్టింది. దాని పేరు "నేరుగా". తన వీడియోలతో పాటు, ఇంటర్నెట్టులో మంచివి అనిపించిన సైట్లన్నీ అందులో పెట్టింది. ఒట్టి పేర్లు పెట్టి వదిలేయలేదు. ఏది దేనికి పనికొస్తుంది, ఎక్కడ నొక్కాలి, ఇంగ్లీషులో అడిగే ప్రశ్నకి ఏం జవాబివ్వాలి, ఏ సైటు మొదట ఉచితమని పిలిచి లోపలికి వెళ్ళాక డబ్బు అడుగుతుంది, అన్నీ పక్కింటావిడకి దారి చెప్పినట్టు తెలుగులో రాసింది. "ఈ చీటీల యాప్ రోజూ తెరవాలి. ఒక్కరోజు మానేస్తే మర్నాడు అప్పులవాడిలా గుమ్మంలో కూర్చుంటుంది." "ఈ వార్తల సైటులో అక్షరాల నెత్తిన చిన్న అక్షరాలు ఉంటాయి. అవి ఊతకర్రలు. నడక వచ్చాక పారేయండి." ఇలా సాగింది.

చూసేవాళ్ళు పెరిగారు. వాళ్ళతో పాటు నోళ్ళూ పెరిగాయి. కింద ఒకరు రాశారు, "తెలుగులో జపనీసా? నవ్వుకోవడానికి బాగుంది" అని. టీచరమ్మ జవాబు రాసింది, "నవ్వి చూడండి. జపనీస్‌లో 'వరత్తె మితె కుదసాయ్'. ఇవాళ్టి పాఠం మీకు వచ్చేసింది." ఇంకొకరు నిజంగానే భాష తెలిసినవాళ్ళు. మీ ఉచ్చారణలో ఎత్తుపల్లాలు సరిగా లేవని, ఎక్కడెక్కడ తప్పో చూపించి రాశారు. దానికి ఆవిడ రోషపడలేదు. మళ్ళీ మళ్ళీ విని, తప్పేనని ఒప్పుకుని, ప్రతి పాఠం కిందా జపాన్‌వాళ్ళు పలికిన రికార్డింగులు దొరికే చోటు పెట్టింది. "వ్యాకరణానికి నా నోరు నమ్మండి, పలకడానికి వాళ్ళ నోరు నమ్మండి" అని పైన రాసుకుంది.

ఇంతలో సెంటరు నుంచి వకీలు నోటీసు వచ్చింది. ఆవిడ పాఠాల్లో వాడుతున్న సామగ్రి సెంటరుదని, అన్నీ వెంటనే తీసేయాలని. భర్త మొహం పాలిపోయింది. "తీసేద్దామా?" అన్నాడు.

టీచరమ్మ ఒక్కో వీడియో మళ్ళీ చూసింది. కొన్నిటిలో సెంటరు కోసం గీసిన బొమ్మల చీటీలు ఉన్న మాట వాస్తవం. "ఇవి వాళ్ళవే. ఇవి తీసేస్తాను" అంది. తీసేసింది. "మిగతావి నావి. ఇంకా గట్టిగా చెప్పాలంటే ఎవరివీ కావు. 'తిని చూడు' వాళ్ళ తాతగారు రాసిచ్చిన మాటా?" అదే సంగతి మర్యాదగా జవాబు రాయించి పంపింది. తీసేసిన చోట కొత్త పాఠాలు కావాలి, కొత్త ఉదాహరణలు కావాలి. ఏం పెట్టాలా అని కూర్చుంటే, పక్కన అత్తగారు మోకాలు పట్టుకుని మూలిగింది.

"ఎలా ఉంది అత్తయ్యా నొప్పి?"

"ఎలా అంటే? పొద్దున సలుపు. మెట్లెక్కితే పోటు. కూర్చుని లేస్తే జివ్వుమంటుంది. పాదాలు జుమ్మని తిమ్మిరి. ఆ మందు రాస్తే చురచుర."

టీచరమ్మ కళ్ళు మెరిశాయి. ఆయమ్మకి కావలసింది సరిగ్గా ఇదే. రోగులు ఒట్టి "నొప్పి" అని ఊరుకోరు. జపాన్ ముసలివాళ్ళూ అంతే. సలుపుకి "జుకిజుకి", సూదులు గుచ్చినట్టుంటే "చికుచికు", చర్మం మండితే "హిరిహిరి", జుమ్మంటే "జిన్‌జిన్". మన జంట మాటల్లాంటివే వాళ్ళకీ పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. అత్తగారు ఒక్కో కీలూ చూపిస్తూ ఒక్కో నొప్పీ నటించి చూపింది. కోడలు జపనీస్ మాట చెప్పింది. మధ్యలో అత్తగారు, "ఇన్నాళ్ళూ ఈ నొప్పులు దండగ అనుకున్నాను, చదువుకి పనికొచ్చాయి" అంది. ఆ పాఠం పాత వాటన్నిటికంటే ఎక్కువ దూరం వెళ్ళింది. ఎక్కడెక్కడి ఆస్పత్రుల్లో పనిచేసే ఆడవాళ్ళో దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. నోటీసు మీద మళ్ళీ ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఆయమ్మ మొదటిసారి పరీక్ష తప్పింది. చదవడం, వ్యాకరణం బాగానే వచ్చాయి, వినేదాంట్లో దెబ్బ తగిలింది. ఆ సాయంత్రం ముందు గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. "డైరెక్టరుగారు అన్నదే నిజమేమో మేడమ్. నా మొహానికి ఇంగ్లీషు లేదు, జపనీస్ వస్తుందా?"

టీచరమ్మకి కోపం వచ్చింది. "చెవి దగ్గర తప్పావు. చెవికి ఇంగ్లీషు ఎందుకు? రోజూ వార్డులో మంచాలు సర్దుతూ వింటావు, విన్నది వెంటనే పైకి అంటావు. వాళ్ళకంటే ఒక్క మాట వెనకగా, నీడలా. రోగులు నవ్వితే నవ్వనీ."

రోగులు నవ్వలేదు. అలవాటైపోయాక కిటికీ పక్క మంచం ముసలాయన, "ఇవాళ వార్తలేంటి?" అని అడగడం మొదలుపెట్టాడు. రెండోసారి ఆయమ్మ పాసయింది. వెల్డరు మాత్రం పాసవలేదు, పెళ్ళయి మానేశాడు. కలిసినప్పుడు "చేసి చూశాను మేడమ్" అని నవ్వేవాడు.

ఆయమ్మ ఇంటర్వ్యూ ఫోను తెర మీద జరిగింది. పక్క గదిలో అత్తాకోడళ్ళు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. తెర అవతలి జపాన్ ఆవిడ ఏదో అడిగింది, ఆయమ్మ తడబడింది, తర్వాత, "అర్థం కాలేదు, ఇంకొకసారి చెప్పండి" అని జపనీస్‌లోనే గట్టిగా అడిగింది. వాళ్ళు చెప్పారు. ఉద్యోగం వచ్చింది.

జపాన్ వెళ్ళిన కొన్నాళ్ళకి ఆయమ్మ ఒక ఆదివారం ఫోను చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆమె చూసుకునే ఒక ముసలావిడ పొద్దస్తమానం "ఎరాయ్, ఎరాయ్" అంటోందట. పాఠంలో ఆ మాటకి "గొప్ప" అని చెప్పారు కదా, తనని మెచ్చుకుంటోందనుకుని ఆయమ్మ ప్రతిసారీ వంగి దండం పెట్టి "థాంక్స్" చెప్తోందట. తోటి పనావిడ చూసి చెప్పిందట, ఆ వైపు యాసలో ఎరాయ్ అంటే "ఒంట్లో బాగాలేదు, ఓపిక లేదు" అని.

"ఇన్ని రోజులూ ఆవిడ బాధ చెప్తుంటే నేను థాంక్స్ చెప్పాను మేడమ్!"

"తప్పు నాది. యాసల సంగతి నేను చెప్పలేదు."

"అయితే చెప్పండి. నేను ఇక్కడ విన్నవన్నీ పంపిస్తాను, మీరు పెట్టండి. నా వెనక వచ్చేవాళ్ళు ఇలా దండాలు పెట్టకూడదు."

అలా "నేరుగా" పేజీలో యాసల గది మొదలైంది. అందులో మాటలు ఆయమ్మవి, రాత టీచరమ్మది.

డైరెక్టరుగారు వచ్చింది ఆ తర్వాతే. చేతిలో పళ్ళ సంచీ, మొహాన పాత చిరునవ్వు. సెంటరు మూతపడలేదు, ఇంకో అంతస్తు కూడా తీసుకున్నారు. ఇప్పుడు కింద కొత్త బోర్డు కట్టారట, "మాతృభాషలో జపనీస్" అని. టీచరమ్మ ఆ మాట విని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మీరు ముందే చెప్పారు మేడమ్, నేనే వినలేదు. తిరిగి రండి. మీ పేజీ, వీడియోలు అన్నీ మన సెంటరు పేరు మీద పెడదాం. మొదటి పాఠాలు ఉచితం, తర్వాత ఫీజు. మీకూ వాటా."

ఆ మాటలో దురాశ ఒక్కటే లేదు. ఆయనకి నిజంగానే అది మంచి ఆలోచన అనిపించింది. టీచరమ్మకీ ఒక్క నిమిషం అనిపించింది. ముందు గది గోడకి పెచ్చులు ఊడుతున్నాయి, భర్త ఈ మధ్య ఆదివారాలూ పనికి వెళ్తున్నాడు. ఆవిడ అత్తగారి వైపు చూసింది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. ఎన్నడూ లేనిది, నిర్ణయం కోడలికే వదిలేసింది.

"క్లాసుకి వచ్చి చెప్పమంటే వస్తాను సార్. దానికి జీతం ఇవ్వండి, తీసుకుంటాను. పేజీ మాత్రం అడక్కండి. దానికి తాళం పడదు."

"ఊరికే ఎన్నాళ్ళు చెప్తారు మేడమ్? ఒకరోజు అలసిపోతారు."

"అలసిపోతే పడుకుంటాను. లేచాక మళ్ళీ చెప్తాను."

"ఇంకెవరైనా మీ పాఠాలు ఎత్తుకుపోయి అమ్ముకుంటే?"

"కొన్నవాళ్ళకి చెప్తాను, ఊరికే దొరికేదానికి డబ్బెందుకిచ్చారూ అని."

చివరికి ఆయన వారంలో కొన్ని సాయంత్రాలు వచ్చి చెప్పే ఏర్పాటుకి ఒప్పుకున్నారు. "ఆ పాత బోర్డు?" అని అడిగింది ఆవిడ. "తీయించేస్తాను" అన్నారు. "నేను వచ్చేలోపు తీయించండి. లేదంటే వచ్చి నేనే పీకేస్తాను" అంది, గేటు దాకా సాగనంపుతూ.

లోపలికి వచ్చేసరికి అత్తగారు అప్పటికే ఫోనుని పుస్తకాల దొంతికి ఆనించి, కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తెర మీద ఎక్కడెక్కడివాళ్ళో, వంటింట్లోంచి ఒకరు, బస్సులోంచి ఒకరు, ఆస్పత్రి మెట్ల మీద నుంచి ఇద్దరు, పాఠం కోసం ఎదురు చూస్తున్నారు.

"ఎక్కడికి పోయావే? వీళ్ళకి నేను అప్పుడే సగం చెప్పేశాను" అంది అత్తగారు.

"ఏం చెప్పారు?"

"వచ్చినంతా చెప్పాను. తప్పులుంటే నువ్వు దిద్దు."

టీచరమ్మ కొంగు నడుముకి దోపుకుని ఆవిడ పక్కన కూర్చుంది. దిద్దడం మొదలుపెట్టింది.